నీళ్లు ఆపడం నేర్పిన రాతి మొక్కలు: లిథాప్స్‌తో నా అనుభవం

మొదటిసారి లిథాప్స్‌ని చూసినప్పుడు అది మొక్కని నాకు తెలియలేదు. చిన్న కుండీ నిండా గులకరాళ్లు. వాటి మధ్య ఒకటి మాత్రం కాస్త నున్నగా ఉంది. బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్దది, బూడిదరంగు, పైన ముదురు గోధుమరంగు గీతలు, నడిమధ్యన ఒక చీలిక. స్నేహితురాలు నా చెయ్యి పట్టుకుని వేలు దాని మీద పెట్టించింది. చల్లగా, బిగువుగా ఉంది. రాయి కాదని, లోపల నీళ్లున్నాయని వేలికే తెలిసిపోయింది. "ఇది నీకే. కాకపోతే దీన్ని ఎక్కువ పట్టించుకోకు" అంది ఇస్తూ.

తర్వాత చదివితే తెలిసింది, ఈ పొరపాటు చాలా పాతదని. 1811లో దక్షిణాఫ్రికాలో తిరుగుతున్న విలియం బర్చెల్ అనే వృక్షశాస్త్రవేత్త నేల మీద వింత ఆకారంలో ఉన్న గులకరాయిని చూసి చేతిలోకి తీసుకున్నాడు. తీరా చూస్తే మొక్క. లిథాప్స్ అన్న పేరు చాలా కాలం తర్వాత 1922లో ఎన్.ఇ. బ్రౌన్ అనే ఆంగ్ల వృక్షశాస్త్రవేత్త పెట్టాడు. రాయి లాంటి రూపం కలది అని గ్రీకు మాటల్లోంచి వచ్చింది. ఈ మొక్కల సొంత నేల దక్షిణాఫ్రికా, నమీబియా. బోట్స్‌వానాలోనూ కొద్దిగా ఉన్నాయి. అక్కడి రాళ్ల రంగులోనే ఉంటాయి కాబట్టి మేసే జంతువుల కంట పడవు.

స్నేహితురాలు చెప్పిన మాట నాకు అప్పట్లో తలకెక్కలేదు. మిగతా మొక్కలకు నీళ్లు పోస్తూ దీన్ని దాటి వెళ్లడం నా వల్ల కాలేదు. రెండు రోజులకోసారి ఓ చెంచాడు పోసేవాడిని. చెంచాడే కదా అనుకున్నాను. నెల తిరిగేసరికి మొక్క ఉబ్బింది. బాగా పెరుగుతోందని సంబరపడ్డాను. ఆ తర్వాత ఓ రోజు దాని పక్కన చర్మం నిలువుగా చిట్లి లోపలి పచ్చటి కండ కనిపించింది. ఇంకో వారానికి వేలు పెడితే లోపలికి దిగబడిపోయింది. కుండీ తిరగేసి చూస్తే లోపల అంతా కోకోపీట్ (కొబ్బరి పొట్టు), పిండితే నీళ్లు కారే ముద్ద. వేరన్నదే లేదు. చేతులారా చంపుకున్నానని ప్రాణం ఉసూరుమంది. ఎండకు ఎండి చచ్చిపోయిన మొక్కలను చూశాను కానీ, ప్రేమగా పోసిన నీళ్లకు చచ్చిన మొక్కను చూడటం అదే మొదలు.

ఆ రోజు నుంచి దీని సంగతేమిటో తెలుసుకునే దాకా ఊరుకోలేదు.

లిథాప్స్‌కి ఉండేదల్లా రెండు ఆకులు. కాండం ఉందంటే ఉంది, లేదంటే లేదు. సొంత నేలలో ఆ రెండు ఆకులు కూడా చాలావరకు మట్టిలోనే పూడిపోయి ఉంటాయి, పైభాగం ఒక్కటే బయటికి కనిపిస్తుంది. ఆ పైభాగం మీద ముదురు రంగులో, కాస్త పారదర్శకంగా ఉండే చోట్లను పెంపకందారులు కిటికీలంటారు. నిజంగా కిటికీలే. వెలుతురు వాటిలోంచి లోపలికి దిగి, నేల మట్టానికి కిందనున్న ఆకుపచ్చ పొరకు అందుతుంది. అంటే ఈ మొక్క భూమి లోపల కూర్చుని ఎండను వాడుకుంటోంది. దాహం సంగతి కూడా ఇలాగే. మామూలు మొక్కలు పగలు ఆకుల మీది రంధ్రాలు తెరిస్తే ఇవి రాత్రి తెరుస్తాయి. రాత్రి తీసుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లంగా దాచుకుని, పగలు తలుపులన్నీ మూసుకుని దాన్ని వాడుకుంటాయి. ఎండవేళ ఒక్క చుక్క కూడా వృథాగా పోనివ్వని మొక్కకు నేను రోజు మార్చి రోజు నీళ్లు పోశాను.

అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది ఆకులు మార్చుకునే తీరు. ఏడాదికి ఒకసారి, పూత అయిపోయాక, ఆ రెండు ఆకుల లోపల కొత్త జత తయారవుతుంది. మట్టి పొడిగా ఉంటే ఆ కొత్త జత పాత ఆకుల్లోని నీటినే తాగి పెరుగుతుంది. పాతవి రోజురోజుకీ ముడతలు పడి, మెత్తబడి, చివరికి కాగితంలా ఎండిపోతాయి. ఆ సమయంలో మనం నీళ్లు పోశామంటే పాత ఆకులు చావవు, కొత్తవి వాటి మధ్య ఇరుక్కుంటాయి. ఒకదాని మీద ఒకటి రెండు జతలు పేర్చినట్టుంటుంది మొక్క. చూడ్డానికి బలంగా కనిపిస్తుంది కానీ అది నీళ్లెక్కువైన మొక్క.

ఇంకో మొక్క కొనుక్కోవచ్చు. కానీ పెద్ద మొక్క తెచ్చుకుంటే మళ్లీ అదే తప్పు చేస్తాననిపించింది. పుట్టుక నుంచి చూస్తే గానీ దీని లెక్క నాకు అర్థం కాదని విత్తనాలు తెప్పించాను. మూడు రకాలు: లెస్లీయై, అకాంపియై, కరాస్మోంటానా. మొదటి రెండూ పసుపు పూలు పూస్తాయి, మూడోది తెల్లటివి. పొట్లాల మీద పేరు పక్కన సీ అన్న అక్షరం, ఓ నంబరు ఉన్నాయి. అవి కోల్ నంబర్లు. డెస్మండ్ కోల్, ఆయన భార్య నౌరీన్ ఏళ్ల తరబడి ఆ ఎడారి నేలలన్నీ తిరిగి, లిథాప్స్ కనిపించిన ప్రతి చోటికీ ఒక నంబరు ఇచ్చుకుంటూ పోయారు. దాదాపు 400 చోట్లు. విత్తనాల పొట్లం మీద ఆ నంబరు ఉందంటే, ఆ మొక్కల మూలం ఫలానా చోటిది అని అర్థం. కోల్ గారి వృత్తి ఇది కాదు, ఆయన ఆఫ్రికా భాషల ప్రొఫెసర్. ఆ సంగతి తెలిశాక ఆ నంబర్ల మీద నాకు గౌరవం పెరిగింది. పేరు చీటీ పోగొట్టుకోకూడదన్న పట్టుదల అప్పుడే మొదలైంది. ఈ రోజుకీ ఒక చీటీ కుండీ అంచున గుచ్చుతాను, రెండోది మట్టిలో పూడ్చిపెడతాను. పైదాని మీది రాత ఎండకు వెలిసిపోయినా లోపలిది ఉంటుంది.

ఇక విత్తడం. లిథాప్స్ విత్తనం ఎంత చిన్నదంటే, ఆవగింజ దాని పక్కన బండరాయి. తెల్ల కాగితం మీద పోస్తే లేత గోధుమరంగు పొడిలా ఉంది. గట్టిగా ఊపిరి వదిలినా ఎగిరిపోతుంది. మట్టి మిశ్రమంలో ఈసారి మూడొంతులు రాయే: ప్యూమిస్, పెర్లైట్ (రెండూ అగ్నిపర్వతాల నుంచి వచ్చే తేలికైన రాళ్లే), జల్లించి కడిగిన ముతక ఇసుక. మిగతా ఒక వంతు జల్లెడ పట్టిన కంపోస్టు. ఈ వేరు లోతుకు దిగుతుంది కాబట్టి నాలుగంగుళాల లోతున్న కుండీలు తీసుకున్నాను. బూజు రాకుండా మిశ్రమం మీద మరిగే నీళ్లు పోసి చల్లారనిచ్చాను. కాగితాన్ని మధ్యకు మడిచి, వేలితో తడుతూ విత్తనాలను పైపైన రాల్చాను. మీద మట్టి కప్పకూడదు. ఇవి మొలవడానికి వెలుతురు కావాలి. అడుగు నుంచి నీళ్లు పీల్చుకునేలా కుండీలను పళ్లెంలో నిలబెట్టి, పైన పారదర్శకమైన మూత పెట్టాను. వాతావరణం మరీ వేడిగా, మరీ చల్లగా లేని రోజులు చూసుకున్నాను. ఇరవై నుంచి ఇరవై అయిదు డిగ్రీలుంటే చాలు.

ఆరో రోజు పొద్దున మూతకు పట్టిన నీటి చుక్కల్లోంచి చూస్తే మట్టి మీద పచ్చటి చుక్కలు. భూతద్దం పెట్టాను. ఒక్కో మొలకా గుండుసూది తలంత ఉంది. అప్పుడే దానికి ఆ చీలిక ఉంది! గీతలు లేవు, కిటికీలు లేవు, లేత పచ్చటి గుండ్రటి ముద్ద, మధ్యలో సన్నటి గీత. అవి బీజదళాలు, అంటే విత్తనంలోంచి వచ్చే తొలి ఆకులు. మొత్తం 150 విత్తనాలు వేస్తే రెండు వారాల్లో 94 మొలిచాయి.

వాటిలో సగానికి పైగా పోగొట్టుకున్నాను. ఎలా పోయాయో చెప్పాలి, విత్తనాలు వేసే ప్రతి ఒక్కరికీ ఇక్కడే దెబ్బ తగులుతుంది. మూడో వారంలో మూతను ఒక్కసారిగా తీసేశాను. పెద్ద మొక్కకు పనికొచ్చే పొడిగాలి మొలకకు పనికిరాదు. దానికింకా నీళ్లు దాచుకునే ఒళ్లు లేదు, వేరు వెంట్రుకంత. రెండు రోజుల్లో ఒక కుండీలో ఓ పక్కంతా వాడి పడిపోయింది. భయపడి మళ్లీ మూత పెట్టి నీళ్లెక్కువ పట్టించాను. ఈసారి నారుకుళ్లు వచ్చింది. మొలకలు మొదలు దగ్గర నల్లబడి ఒరిగిపోవడం, పక్కదానికి అంటుకోవడం. తడిగా ఉన్న మట్టికి చిన్న చిన్న నల్ల దోమలు చేరాయి, వాటి పిల్లపురుగులు లేత వేళ్లు కొరికాయి. చివరికి తెలిసొచ్చిన పద్ధతి ఇది: మూత మొదట అరగంట, తర్వాత గంట, తర్వాత పూట, అలా రెండు మూడు వారాల పాటు కొంచెం కొంచెంగా తీయాలి. పై మట్టి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు మళ్లీ అడుగు నుంచి నీళ్లు. మొదటి ఏడాదిలో మొలకను పూర్తిగా ఎండనివ్వకూడదు. నీళ్లు ఆపడం అనే పాఠం పెద్ద మొక్కకే వర్తిస్తుందని, పిల్ల మొక్కకు వేరే లెక్క అని నాకు 53 మొలకలు పోయాక అర్థమైంది. మిగిలినవి 41.

కొన్ని నెలలకు ఆ 41లో ఒకటి నా కళ్లముందు ఆకులు మార్చుకుంది. కళ్లముందు అన్నానే కానీ అది ఆరు వారాల పని. ముందు దాని రంగు మసకబారింది. జబ్బు చేసిందనుకున్నాను. తర్వాత చీలిక కొంచెం విచ్చుకుంది. భూతద్దంలో ఆ సందులో అడ్డంగా ఇంకో చీలిక కనిపించింది. కొత్త జత పాత జతకు అడ్డంగా వస్తుంది, కూడిక గుర్తులో రెండు గీతల్లాగా. రోజూ పొద్దున అదే పనిగా చూసేవాణ్ణి. పాత దళాలు పక్కలకు ఒరిగి, సొట్టబోయి, చివరికి ఎండిన ఉల్లిపొరలా అయ్యాయి. వాటి మధ్యలోంచి వచ్చిన కొత్త జంట ఆకుల మీద మొట్టమొదటిసారి గీతలు! ఎర్రటి గోధుమరంగులో, వెంట్రుకతో గీసినట్టున్న వల. అది అకాంపియై. చీటీ చూడకుండా దాన్ని గుర్తుపట్టగలిగిన రోజు అది. ఎండిన పొరను పీకేయాలని వేలు లాగింది, కానీ ముట్టుకోలేదు. దానంతట అది ఊడిపోయింది.

రెండో ఏడాది నుంచి నీళ్ల లెక్క మారింది. ఇప్పుడు నేను పాటించేది తేదీలను కాదు, ఆకులను. మధ్యాహ్నం ఎండలో పక్కల ముడతలు కనిపిస్తే పట్టించుకోను. మర్నాడు పొద్దున కూడా అవే ముడతలుంటే దానికి దాహమైందని అర్థం. అప్పుడు కుండీ అడుగున కారేదాకా ఒకేసారి నిండా పోసి, మళ్లీ ముడత పడేదాకా ముట్టుకోను. చెంచాలతో పోయడం మానేశాను. పైన తడిపి అడుగున ఎండబెడితే వేరు లోతుకు దిగదు. రాత్రిళ్లు కూడా వేడి తగ్గని నడివేసవిలో అవి నిద్రపోతాయి, అప్పుడు నీళ్లు దాదాపు బంద్. మరీ ముడుచుకుపోతే సాయంత్రం చల్లబడ్డాక కొద్దిగా చిలకరిస్తాను. పూత ముందు, పూతలో నీళ్లు. పూత అయిపోయి కొత్త జత మొదలయ్యాక పాత ఆకులు కాగితమయ్యేదాకా మళ్లీ బంద్. మొదటిసారి అలా నెలల తరబడి ఆపినప్పుడు నాకు ఒకటే టెన్షన్. రోజూ వెళ్లి నీళ్ల డబ్బా ఎత్తడం, దించడం. ఒక్కటీ చావలేదు.

ఎండ విషయం త్వరగా చెప్పేస్తాను. వెలుతురు చాలకపోతే ఇవి నేల మీంచి పొడుగ్గా సాగుతాయి, ఆ సాగింది మళ్లీ కుదించుకోదు, తర్వాతి జత దాకా ఆగాలి. నీడలో ఉన్నదాన్ని ఒక్కరోజులో నడి ఎండలో పెడితే పైన తెల్లగా కాలిపోతుంది. నాలుగైదు గంటల పొద్దుటి ఎండ నా మొక్కలకు సరిపోయింది.

మూడో ఏడాది కుండీలు మారుస్తుంటే వేళ్ల మీద తెల్లటి పిండి అద్దినట్టు కనిపించింది. వేరు పిండినల్లి, వేళ్ల రసం పీల్చే పురుగు. పైన ఏ గుర్తూ లేదు, ఆ కుండీలోవి పెరగడం మందగించాయంతే. వేళ్లను కడిగి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచి, వారం పాటు బయటే ఆరబెట్టి కొత్త మట్టిలో నాటాను. వారం మట్టి లేకుండా ఉంచినా ఏమీ కాలేదు. అప్పటి నుంచి కొత్తగా వచ్చిన ఏ మొక్కనైనా కుండీలోంచి తీసి వేరు చూడకుండా మిగతావాటి పక్కన పెట్టను.

ఈలోగా ఒంట్లో నీళ్లు దాచుకునే మిగతా మొక్కల (సక్యులెంట్స్) మీదికి కూడా మనసు పోయింది. ఆకుల కొసలు కత్తితో కోసినట్టుండే హావర్తియా ట్రంకాటా, పసిపిల్లల కాలివేళ్ల లాంటి ఫెనెస్ట్రేరియా. వీటికీ కిటికీలున్నాయి. గీతల బంతిలా ఉండే యుఫోర్బియా ఒబేసా ఒకటి. అందరూ దాన్ని కాక్టస్ అనుకుంటారు కానీ కాదు, జెముడు పాలలాంటి పాలు కారే కుటుంబం. వీటిలో ఆడ, మగ మొక్కలు వేర్వేరు. దీనికి ఆ పేరు వచ్చింది 1903లో. ఆ తర్వాత సేకరించేవాళ్లు ఎగబడి తవ్వుకుపోవడంతో సొంత నేలలో అంతరించిపోయే స్థితికి వచ్చింది. ఇప్పుడు మన కుండీల్లో ఉన్నవి విత్తనాలతో పెంచినవి కాబట్టే అడవిలోవాటి మీద ఆ ఒత్తిడి తగ్గింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజుల్లోనే ఒక అమ్మకందారు నాకు లిథాప్స్‌కి దగ్గరి చుట్టమైన కోనోఫైటమ్ గుత్తి ఫొటో పంపాడు. ముప్ఫై తలలున్న గుత్తి, ఒక్కో తల అంటే ఒక్కో ఆకుల జత. నా దగ్గర విత్తనాల నుంచి వచ్చినవి రెండేళ్లకు రెండు తలలయ్యాయి. చూడగానే చెయ్యి చాచాలనిపించిన మాట నిజం. కానీ ఫొటోను పెద్దది చేసి చూస్తే తలల పరిమాణం ఒక తీరుగా లేదు, పక్కలంతా ఏళ్ల తరబడి గాలికి, ఇసుకకు గీరుకుపోయిన మచ్చలు, అడుగున ఎండిన పొరలు వేళ్లు పెట్టేంత మందం, వేరు తెగ్గొట్టి ఉంది. అది ఏ నర్సరీలోనూ పెరగలేదు, రాతి సందులోంచి పెకలించింది. దక్షిణాఫ్రికాలో 2019 తర్వాత కోనోఫైటమ్‌ల దొంగతనం విపరీతంగా పెరిగింది. కొన్ని రకాలు ఒకే ఒక్క గుట్ట మీద పెరుగుతాయి. ఒక రాత్రి ఒక మనిషి ఒక సంచి తీసుకెళ్తే ఆ రకం పని అయిపోయినట్టే. చిలీ ఎడారిలోని కోపియాపోవా కాక్టస్‌లదీ ఇదే కథ. 2020లో ఇటలీలో పోలీసులు వెయ్యికి పైగా మొక్కలను పట్టుకున్నారు, బతికినవాటిలో చాలావాటిని 2021లో తిరిగి చిలీకి పంపారు. అవి నెలకు మిల్లీమీటరు కూడా పెరగని మొక్కలు. ఆ గుత్తి ఎక్కడిదని అడిగితే అమ్మకందారు మాట దాటేశాడు. నేను తీసుకోలేదు. అప్పటి నుంచి విత్తనం ఎక్కడిదో, ఎప్పుడు విత్తిందో చెప్పగలిగినవాళ్ల దగ్గరే తీసుకుంటున్నాను. పెద్దగా, ముసలిగా, మచ్చలతో ఉన్న మొక్కను చూసి ముచ్చటపడే ముందు అది ఎవరి చేతుల్లో అంత పెద్దదైందో అడగండి.

నాలుగో ఏడాది, వేసవి పోయి గాలి చల్లబడే వేళ, లెస్లీయై ఒకదాని చీలికలో సన్నటి మొన కనిపించింది. కొత్త ఆకులు ఇంత తొందరగా రావే అనుకున్నాను. మొగ్గ! పది రోజులకు పొడుచుకుని బయటికొచ్చింది. విచ్చుకుంటుందేమో అని పొద్దున్నంతా చూశాను, కదలలేదు. మధ్యాహ్నం రెండు దాటాక రేకులు సడలడం మొదలైంది. మూడింటికి పూర్తిగా తెరుచుకుంది. చామంతిలా సన్నటి పసుపు రేకులు, మెరుస్తున్నాయి. పువ్వు మొక్క కంటే వెడల్పు. కింద ఆకులు కనిపించనే లేదు. సాయంత్రానికి ముడుచుకుని మర్నాడు మధ్యాహ్నం మళ్లీ తెరుచుకుంది. అలా అయిదు రోజులు.

తన పుప్పొడితో తాను కాయ పట్టే మొక్క కాదిది. ఇంకో మొక్క కూడా పూస్తేనే ఫలం. నాలుగో రోజు పక్క కుండీలోని లెస్లీయై కూడా పూసింది. సన్నటి కుంచె తడవకుండా చూసుకుని, ఒకదాని కేసరాల మీది పొడిని రెండోదాని మధ్యకు, దానిది దీనికి అద్దాను. రెండు మధ్యాహ్నాలు అదే పని. పూలు ఎండాక అడుగున చిన్న ఉబ్బు మిగిలింది. దాన్ని తుంచకుండా, ఆకులు మారే కాలమంతా అలాగే ఉంచాను. ఎనిమిది నెలలకు ఎండి చెక్కలా అయింది.

ఈ కాయ ఎండకు పగలదు. మూత బిగించి కూర్చుంటుంది. తెరవాలంటే వాన పడాలి. పళ్లెంలో పెట్టి డ్రాపర్‌తో ఒక్క చుక్క వేశాను. మొదటి నిమిషం ఏమీ లేదు. తర్వాత మధ్యలో చిన్న నక్షత్రంలా గీతలు విడిపోయాయి. చిన్న రెక్కలు అయిదు, ఒక్కొక్కటిగా వెనక్కి వాలాయి. ఎండిన కట్టె ముక్క పువ్వులా విచ్చుకోవడం నా చేతి దూరంలో చూశాను. లోపలి గదుల్లో విత్తనాలు. సొంత నేలలోనైతే తర్వాతి వాన చుక్క ఆ గదుల మీద పడి వాటిని చిందిస్తుంది. నేను డ్రాపర్‌తో కడిగి వడపోత కాగితం మీదికి దించాను. పళ్లెం ఆరాక చూస్తే రెక్కలు మళ్లీ మూసుకున్నాయి. ఇంకో చుక్క వేశాను, మళ్లీ తెరుచుకున్నాయి. ఆ రోజు ఎన్నిసార్లు తెరిపించానో లెక్కలేదు.

విత్తనాలను కొన్ని నెలలు పొడిగా ఆగనిచ్చి, కిందటి నెలలో విత్తాను. చీటీ మీద తల్లి మొక్క కోల్ నంబరు, రెండు మొక్కల గుర్తులు, కలిపిన తేదీ. మొలకల మూత ఇప్పుడు రోజుకు గంటన్నర తీస్తున్నాను. వాటిలో ఒకటి చీలిక ఒక్కటే కాకుండా మూడు పాయలతో మొలిచింది. దాని పక్కన చిన్న ఎర్ర రాయి గుర్తు పెట్టాను. మొదటిసారి ఆకులు మార్చుకున్నాక మామూలుగా రెండుకు వస్తుందో, మూడుతోనే ఉంటుందో చూడాలి.